ఎం1 గరాండ్‌కి మెరుగులు: ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

అమెరికా సైన్యం వాడిన పాత ఎం1 గరాండ్ రైఫిల్ ఇంటికి తెచ్చుకున్న మొదటి వారంలో అందరికీ ఒకటే దురద. దీనికి ఏదో ఒకటి చేయాలి. కొత్త బ్యారెల్ (గుండు దూసుకెళ్లే గొట్టం) వేయాలి, కొత్త కర్ర (లోహాన్ని పట్టి ఉంచే చెక్క ఒడి) వేయాలి, పైన స్కోపు బిగించాలి. నేనూ అలాగే మొదలుపెట్టాను. రెండేళ్లయ్యాక లెక్క చూసుకుంటే నా తుపాకీని నిజంగా బాగుచేసినవి మూడే: ఒక డబ్బా గ్రీజు, ఒక కొత్త స్ప్రింగు, సరైన తూటాలు. మిగతా డబ్బంతా గరాజ్‌లో అట్టపెట్టెలో పడుంది. మీకు ఆ ఖర్చు తప్పాలని ఈ వరుసలో రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి. ఇది అమెరికాలో ఉంటున్న మనవాళ్ల కోసం. ఇండియాలో ఇలాంటి సెమీ ఆటోమేటిక్ (నొక్కిన ప్రతిసారీ ఒకటి పేల్చి, తర్వాతి తూటా తానే ఎక్కించుకునే) రైఫిల్‌కి మామూలు మనిషికి లైసెన్సు దొరకదు కాబట్టి అక్కడ ఈ ప్రశ్నే రాదు. ఇక్కడ కూడా హెచ్1బీ, ఎల్1, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి గానీ, వాటిని వీకెండ్ పార్టీలో విన్న మాట మీద నమ్మకండి, లాయర్‌ని అడగండి. గ్రీన్‌కార్డు వస్తే ఆ అడ్డు తొలగుతుంది. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు. మిగులు సైనిక రైఫిళ్లు అమ్మే సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్, అందరూ సీఎంపీ అనేది, అమెరికా పౌరులకే అమ్ముతుంది.

మీ చేతిలో ఉన్నది ఏదో తెలుసుకోండి

వెనక సైటు (గురి చూసే రంధ్రం) దాటాక, రిసీవర్ అనే లోహపు పెట్టె మడమ మీద తయారీదారు పేరు, దాని కింద సీరియల్ నంబరు ఉంటాయి. వించెస్టర్ అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధకాలం నాటిది. హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ గానీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ గానీ ఉంటే 1950ల నాటిది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ మాత్రం రెండు కాలాల్లోనూ చేసింది. ఈ తుపాకీకి రూపం ఇచ్చిన జాన్ గరాండ్ పనిచేసింది అక్కడే, మసాచుసెట్స్‌లో. అమెరికా సైన్యం దీన్ని 1936లో స్వీకరించింది. హార్వెస్టర్ అంటే ట్రాక్టర్ల కంపెనీయే. మన ఊళ్లలో దున్నిన మహీంద్రా బి-275 ట్రాక్టర్ మూలం కూడా ఆ కంపెనీదే. నాకు హార్వెస్టర్ రైఫిల్ దొరికినప్పుడు తాతయ్య పొలం గుర్తొచ్చిందంటే అందుకే.

వీటిలో ఎక్కువ భాగం సైన్యం వర్క్‌షాపుల్లో ఒకటికి రెండుసార్లు విప్పి బిగించినవి. బ్యారెల్ ఒక ఏడాదిది, బోల్టు (తూటాని వెనకనుంచి మూసి పట్టే భాగం) ఇంకో కంపెనీది, ట్రిగ్గర్ మరో చోటిది. ఇలాంటి కలగూరగంప తుపాకీ అయితే నిశ్చింతగా పని మొదలుపెట్టండి. అలా కాకుండా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన భాగాలన్నీ అలాగే ఉన్నాయని తెలిసినవాళ్లు చెబితే దాన్ని కదపకండి. శుభ్రం చేసి దాచుకోండి. మెరుగులు దిద్దుకోవడానికి ఇంకొకటి కొనుక్కోండి.

ఖాళీ చేసి, విప్పండి

కుడివైపున్న ఆప్ రాడ్ (బోల్టుని వెనక్కీ ముందుకీ నడిపే పొడుగాటి కడ్డీ) పిడిని వెనక్కి లాగి, పట్టుకుని బోల్టు తెరవండి. లోపల క్లిప్పు (ఎనిమిది తూటాలను కలిపి పట్టే రేకు) ఉంటే ఎడమవైపున్న క్లిప్ లాచ్ నొక్కండి, పైకి ఎగిరొస్తుంది. చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక కొనలో తూటా కూర్చునే చోటు) కంటితో చూడండి, చిటికెనవేలు పెట్టీ చూడండి. మీరు పనిచేసే గదిలో అసలు తూటాలే ఉండకూడదు.

ఇప్పుడు బోల్టు మూయాలి. ఈ తుపాకీ అందరి వేలూ కొరికేది ఇక్కడే. కుడి అరచేతి అంచుతో ఆప్ రాడ్ పిడిని వెనక్కి అదిమి పట్టుకోండి. అదే చేతి బొటనవేలితో లోపలి ఫాలోయర్‌ని (తూటాలను పైకి నెట్టే పలక) కిందికి నొక్కండి. బోల్టు కాస్త ముందుకు కదలనిచ్చి, వేలు బయటికి తీసేశాక మాత్రమే పిడి వదలండి. నేను అరచేతి అంచు మరిచాను. బొటనవేలి గోరు నెల రోజులు నల్లగా ఉంది. ఒక పెళ్లిలో పిన్ని వరసావిడ "గోరింటాకు అలా పండిందేం నాయనా" అని అడిగింది.

సేఫ్టీ పెట్టి, ట్రిగ్గర్ గార్డు వెనక కొనను గట్టిగా బయటికి లాగితే ట్రిగ్గర్ గుంపు మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. ఆ తర్వాత కర్రలోంచి లోహం భాగం విడిపోతుంది. విప్పే ప్రతి అడుగుకీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. బిగించేటప్పుడు గార్డు చివరి అంగుళంలో కాస్త బలం పెట్టాల్సి రావాలి. ఏ ప్రతిఘటనా లేకుండా తలుపు గడియలా పడిపోతోందంటే కర్ర నలిగిపోయిందని అర్థం. గురి చెదిరిపోవడానికి అదే పెద్ద కారణం, దాని మీద ఎన్ని కొత్త భాగాలు పెట్టినా దండగే.

కొనకముందు కొలవండి

స్ప్రింగుతో మొదలుపెడదాం. ఆప్ రాడ్‌లో దూరి ఉండే పొడుగాటి స్ప్రింగుని తీసి టేపు పక్కన పడుకోబెట్టండి. కొత్తదైతే 19.5 అంగుళాలకు పైనే ఉంటుంది. మీది అంతకంటే పొట్టిగా ఉన్నా, వంకర్లు తిరిగి ఉన్నా మార్చేయండి. దీనికంటే చవకైన మెరుగు ఇంకోటి లేదు.

తర్వాత వాలు పరీక్ష. స్ప్రింగు లేకుండా ఆప్ రాడ్‌నీ బోల్టునీ మాత్రం బిగించండి. బ్యారెల్ మూతిని నెమ్మదిగా పైకెత్తండి. నలభై అయిదు డిగ్రీలు వచ్చేలోపే ఆ రెండూ తమ బరువుకి తామే వెనక్కి జారాలి. కిందికి వాలిస్తే మళ్లీ ముందుకు జారిపోవాలి. మధ్యలో ఎక్కడైనా ఆగిందంటే రాడ్ ఎక్కడో రాసుకుంటోంది. బ్యారెల్ అడుగున, కర్ర లోపలి అంచుల్లో మెరుస్తున్న గీతల కోసం వెతకండి. కర్ర రాసుకుంటే ఆ అంచుని కొద్దిగా గీకితే సరిపోతుంది. లోహం లోహానికి రాసుకుంటే మాత్రం రాడ్ వంగిందేమో చూడాలి. ఈ రాడ్ పుట్టుకతోనే వంకరగా ఉంటుంది, పైగా ఆ వంకర అలాగే ఉండాలి. తిన్నగా లేదని బెంచీ వైస్‌లో పెట్టి సాగగొట్టినవాళ్లు ఉన్నారు. ఆ పని చేయకండి, గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసే పనివాడు) ఇవ్వండి.

బ్యారెల్ అరుగుదలని రెండు చివర్లా కొలుస్తారు. మూతి దగ్గర ఒక గేజ్, చాంబర్ ముందు గొంతు దగ్గర ఇంకో గేజ్. గొంతు గేజ్ మీద అంకె అయిదు దాటితే బ్యారెల్ ముసలిదైందని లెక్క. మూతి మూడులోపు ఉంటే మంచిది. ఈ గేజ్‌లు కొనక్కర్లేదు, ఏ షూటింగ్ క్లబ్బులోనైనా ఒకరి దగ్గర ఉంటాయి. అదే ఊపులో హెడ్‌స్పేస్ కూడా చూపించుకోండి. మూసిన బోల్టు ముఖం నుంచి చాంబర్ భుజం దాకా తూటాకి ఉండే జాగా అది. బోల్టు మార్చినా, బ్యారెల్ మార్చినా ఈ పరీక్ష లేకుండా ఒక్క తూటా కూడా పేల్చవద్దు.

గ్రీజు, నూనె కాదు

మామూలు తుపాకీ నూనె ఈ యంత్రానికి చాలదు. ఇది బండి ఇరుసు లాంటిది, కందెనే కావాలి. బోల్టు చెవులు తిరిగే గాడి, ఆప్ రాడ్ జారే గాడి, రాడ్ మూపు లోపల బోల్టు చెవి రాసుకునే చోటు, హ్యామర్ (తూటాని పేల్చడానికి కొట్టే సుత్తి) ముఖం, బ్యారెల్ అడుగున రాడ్ తాకే చోటు, వీటన్నిటికీ వేలితో పల్చగా రాయండి. గ్యాస్ సిలిండర్ (బ్యారెల్ మూతి కింద గ్యాస్ చేరే గొట్టం) లోపల, రాడ్ చివరి పిస్టన్ మీద మాత్రం చుక్క కూడా పడకూడదు. అక్కడ పడితే వేడికి మాడి మసి కట్టి గట్టిపడుతుంది.

తూటాలు, గ్యాస్ ప్లగ్గు

అసలు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. గరాండ్ పేల్చేది .30-06 తూటా. అంగడిలో .30-06 అని రాసి ఉన్న ప్రతి డబ్బా దీనికి పనికిరాదు. కారణం ఇది. బ్యారెల్ మూతికి దాదాపు అంగుళంన్నర వెనక చిన్న రంధ్రం ఉంటుంది. గుండు దాన్ని దాటగానే వెనకున్న గ్యాస్ ఆ రంధ్రంలోంచి దిగి పిస్టన్‌ని తంతుంది. ఆ తన్నుకే పొడుగాటి రాడ్ వెనక్కి పరుగెత్తి బోల్టు తెరుస్తుంది. యుద్ధకాలపు ఎం2 తూటాలో గుండు దాదాపు 150 గ్రెయిన్లు (గుండు బరువు కొలత), మందు త్వరగా కాలిపోయే రకం. గుండు రంధ్రం దగ్గరికి వచ్చేసరికి ఒత్తిడి తగ్గిపోయి ఉంటుంది. నేటి వేట తూటాల్లో గుండు బరువు, మందు నిదానంగా కాలేది. గుండు మూతి దగ్గరికి వచ్చేటప్పటికి కూడా గ్యాస్ ఇంకా ఉధృతంగానే ఉంటుంది. చాంబర్ దానికి తట్టుకుంటుంది, రాడ్ తట్టుకోదు. దెబ్బ మీద దెబ్బ తగిలి వంగుతుంది.

కాబట్టి రెండు దారులు. డబ్బా మీద ఎం1 గరాండ్ కోసమే చేసినవని రాసి ఉన్న తూటాలు కొనడం మొదటిది. తూటాలు ఇంట్లో తయారుచేసుకునేవాళ్లు ఐఎంఆర్ 4895, 4064 మందుల దగ్గరే ఆగుతారు, గుండు 175 గ్రెయిన్లు దాటనివ్వరు. రెండో దారి గ్యాస్ ప్లగ్గు మార్చడం. గ్యాస్ సిలిండర్ ముందు కొనలో ఉండే మరను విప్పి, ఎక్కువైన గ్యాస్‌ని బయటికి వదిలే ప్లగ్గు బిగిస్తారు. కొలిచిన రంధ్రంతో వచ్చేవి ఉన్నాయి, మర తిప్పి సర్దుకునేవీ ఉన్నాయి. పాత ప్లగ్గు డబ్బాలో దాచిపెడితే చాలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తుపాకీ మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఇంత సులువుగా వెనక్కి తీసుకోగల మార్పు కాబట్టే నేను దీన్ని ముందు చేయమంటాను.

సర్దుకునే రకం బిగించారనుకోండి, రేంజిలో ఇలా చేయండి. ఒక్కో తూటా ఎక్కించుకునే "స్లెడ్" అనే క్లిప్పు దొరుకుతుంది, దాన్ని లోపల పెట్టండి. మరను పూర్తిగా తెరిచి ఒక తూటా పేల్చండి. ఖాళీ తొడుగు బయటికి రాదు. పావు చుట్టు బిగించి మళ్లీ పేల్చండి. తొడుగు శుభ్రంగా ఎగిరిపడి, బోల్టు వెనక నిలిచిపోయేదాకా ఇలా సాగండి. అప్పుడు ఇంకో పావు చుట్టు బిగించి, దాన్ని కదలకుండా పట్టే చిన్న మరను గట్టి చేయండి. తర్వాత మామూలు క్లిప్పుతో ఎనిమిదీ పేల్చి చూడండి. ఎనిమిదో తూటాకి ఆ ప్రసిద్ధమైన "టింగ్" వినపడి క్లిప్పు ఎగిరితే సర్దుబాటు కుదిరినట్టే.

ఇంకో జాగ్రత్త. ఒంటి తూటాని చేత్తో చాంబర్‌లోకి తోసి, బోల్టుని దాని మీదికి దబ్బున వదలకండి. దీని ఫైరింగ్ పిన్‌ని (తూటా అడుగుని గుచ్చి పేల్చే సూది) వెనక్కి పట్టే స్ప్రింగు ఉండదు. బోల్టు మూసుకునే ఊపుకి పిన్ను ముందుకు జారి ప్రైమర్‌ని (తూటా అడుగున మందుని అంటించే బిళ్ల) తాకుతుంది. ప్రైమర్ మెత్తనిదైతే ట్రిగ్గర్ ముట్టుకోకుండానే పేలిపోవచ్చు.

కర్ర పని

దీనికి సెలవు రోజు కేటాయించండి, పని తీరిగ్గా సాగాలి. కర్ర ఎక్కువగా వాల్‌నట్. నల్లటి జిడ్డు పొరల కింద మంచి ఎరుపు ఉంటుంది. తొందరపడి గరుకు కాగితం తీయకండి. ఎడమవైపు మీద తనిఖీ అధికారి ముద్ర ఉంటే, నాలుగు రుద్దులకి అది మాయమైపోతుంది. మినరల్ స్పిరిట్స్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే గోధుమరంగు బురద లాంటిది దిగుతుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడుస్తూ ఉండండి.

సొట్టలకి ఒక ఇంటి చిట్కా ఉంది. తడి గుడ్డని సొట్ట మీద రెండు మడతలుగా వేసి, దాని మీద బాగా వేడెక్కిన ఇస్త్రీపెట్టె కొనను రెండు క్షణాలు ఆనించండి. బుస్సుమని ఆవిరి పోతుంది. నలిగిన పోగులు ఆ ఆవిరిని పీల్చి ఉబ్బుతాయి. నాలుగైదుసార్లు చేస్తే లోతైన సొట్ట కూడా పైకి లేస్తుంది. తెగిన గాటు మాత్రం లేవదు. అది తుపాకీ అనుభవం, ఉండనివ్వండి. ఇస్త్రీపెట్టె మీ బట్టలది కాకుండా వేరేది వాడటం కాపురానికి మంచిది.

పూర్తిగా ఆరాక నూనె. సైన్యం అవిసె నూనె, టంగ్ ఆయిల్ (ఒక చెట్టు గింజల నూనె) రెండూ వాడింది. ఏదైనా ఒకటే పద్ధతి: అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని, కర్ర వెచ్చబడేలా రుద్దండి. ఇరవై నిమిషాలు ఆగి, మిగిలిందంతా తుడిచేయండి. రోజు విడిచి రోజు, అయిదారు పూతలు. రెండో పూతకే జిగేల్ మనాలని చిక్కగా పూస్తే అంటుకుంటూ నెలలైనా ఆరదు.

నూనె గుడ్డల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు తనంతట తానే వేడెక్కుతుంది. ఉండచుట్టి మూలన పడేసిన గుడ్డ మంట తగలకుండానే అంటుకోగలదు. మా గరాజ్‌లో ఒక సాయంత్రం కమురు వాసన వచ్చి వెళ్లి చూస్తే చెత్తడబ్బాలో గుడ్డ మధ్యలో నల్లగా కాలి, ఇంకా పొగ వస్తోంది. అప్పటినుంచి వాడిన ప్రతి గుడ్డనీ పెరట్లో తీగ మీద విడదీసి ఆరేస్తాను, లేదా నీళ్ల డబ్బాలో ముంచుతాను.

పాత కర్ర నలిగి వదులైపోతే కొత్తది వేయక తప్పదు. అమ్మకానికి వచ్చే కొత్త కర్రలు లోపల కొద్దిగా బిగుతుగానే వస్తాయి. మసి పూసి, బిగించి, విప్పి, మచ్చ పడిన చోటే గీకుతూ కుదుర్చుకోవాలి. ఒక పూట పడుతుంది.

సైట్లు, ట్రిగ్గర్

గరాండ్ సైట్లు వచ్చినవే చాలా మంచివి. వెనక సైటు గుబ్బ ఒక క్లిక్ తిప్పితే వంద గజాల దగ్గర గురి సుమారు ఒక అంగుళం జరుగుతుంది. అలా జరిగింది పేల్చాక కూడా నిలవకపోతే గుబ్బలు వదులైపోయాయని అర్థం. సరిచేయడానికి కొత్త సైటు అక్కర్లేదు, సైటు మీద రేకు స్ప్రింగు మార్చి, మరలు బిగిస్తే చాలు. పోటీ రకం కావాలంటే ముందు సైటు సన్నది, వెనక రంధ్రం చిన్నది ఉన్న నేషనల్ మ్యాచ్ జత దొరుకుతుంది. చూపు మందగించిన నాలాంటివాళ్లకి సన్నటి ముందు సైటు మసకే.

ట్రిగ్గర్ మాత్రం వదిలేయండి. ఇది రెండు అంచెల ట్రిగ్గర్: మొదట కొంత దూరం తేలిగ్గా వచ్చి, గోడ తగిలినట్టు ఆగి, అప్పుడు పేలుతుంది. బరువనిపిస్తే ముందు గ్రీజు, తర్వాత రెండొందల తూటాలు. అప్పటికీ నచ్చకపోతే గన్‌స్మిత్. ఆకురాయి పట్టుకుని హ్యామర్ కొక్కేన్ని ఇంట్లో అరగదీస్తే, ఒక్క నొక్కుకి రెండు పేలే తుపాకీ తయారవుతుంది. అది ప్రమాదమూ, చట్టరీత్యా పెద్ద నేరమూ.

పెద్ద మార్పులు

బ్యారెల్ అరిగిపోతే కొత్తది వేయడం న్యాయమైన ఖర్చే. అప్పుడు .308 అనే కాస్త పొట్టి తూటాని పేల్చే బ్యారెల్ వేయించుకునే అవకాశం ఉంది. అమెరికా నౌకాదళం కూడా తన గరాండ్‌లను 7.62 నాటోకి, అంటే దాదాపు ఆ .308 తూటాకే, మార్చుకుంది. మార్చిన తుపాకీలో పొరపాటున .30-06 క్లిప్పు దూరకుండా లోపల ఒక దిమ్మ పెట్టించడం మరవకండి. ఇది ప్రెస్‌లూ గేజ్‌లూ ఉన్న గన్‌స్మిత్ పని.

స్కోపు గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను, వద్దు. క్లిప్పు పైనుంచి లోపలికి పోతుంది, పైకే ఎగురుతుంది. అందుకే సైన్యం స్నైపర్ల కోసం చేసిన ఎం1సీ, ఎం1డీల్లో కూడా స్కోపు ఎడమవైపుకి జరిపి పెట్టాల్సి వచ్చింది. చెంప ఆనదు, మెడ నొప్పి. తప్పదంటే వెనక హ్యాండ్‌గార్డు స్థానంలో బిగించే పట్టా మీద ముందుకి పెట్టే స్కోపు వాడండి, రిసీవర్‌కి రంధ్రాలు పొడవకుండా పనైపోతుంది. బ్యారెల్ కోసి చేసే పొట్టి "ట్యాంకర్" రూపం కూడా నాకు నచ్చదు. మంట, మోత రెట్టింపవుతాయి. పైగా బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గితే ఫెడరల్ రిజిస్ట్రేషన్ వ్యవహారం మొదలవుతుంది.

కర్రలోపల ఎపాక్సీ పోసి లోహాన్ని కుదుర్చే బెడ్డింగ్ గురిని బాగా బిగిస్తుంది. అయితే అది చేశాక సీఎంపీ వాళ్ల యథాతథ గరాండ్ పోటీల్లో ఆ తుపాకీకి చోటుండదు. ఆ పోటీలు రెండొందల గజాల దగ్గర, పడుకుని, నిలబడి పేల్చేవి. ఎన్‌సీసీలో .22తో చాప మీద బోర్లా పడుకుని పేల్చినవాళ్లకి ఆ వాతావరణం వెంటనే నచ్చుతుంది. మీరు ఎప్పటికైనా అక్కడికి వెళ్దామనుకుంటే ఎపాక్సీ డబ్బా తెరవకండి.

రేంజిలో

అన్నీ బిగించాక కళ్లద్దాలు, చెవులకు రక్షణ పెట్టుకుని వంద గజాల దగ్గర కూర్చోండి. వెనక సైటుని అడుగుదాకా దించి, అక్కడినుంచి ఎనిమిది క్లిక్కులు పైకి తిప్పి మొదలుపెట్టండి. మూడు మూడు తూటాల చొప్పున పేల్చి సర్దుకోండి. సరిగ్గా మధ్యలో పడ్డాక గుబ్బ మీద మర వదులు చేసి, దూరం అంకెని గీతకి తెచ్చి మళ్లీ బిగించండి.

నలభై తూటాలయ్యాక ఇంటికొచ్చి మళ్లీ విప్పండి. గ్రీజు ఎక్కడ నల్లబడింది, ఎక్కడ పూర్తిగా తుడుచుకుపోయింది, కొత్త గీతలు ఎక్కడ పడ్డాయి, ఇవి చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి. తీసేసిన ప్రతి పాత భాగాన్నీ చిన్న కవర్‌లో వేసి, పేరూ తేదీ రాసి, తుపాకీ బీరువాలోనే పెట్టండి.